‘కూడా’ ఎక్కడ పెట్టాలి? చైనీస్ క్రియావిశేషణాలపై పాఠకుల ప్రశ్నలు

చైనీస్ నేర్చుకుంటున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఈసారి చాలావరకు క్రియావిశేషణాల గురించే. చైనీస్ మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి: బ, ద, గ అని రాసిన చోట చైనీయుల నోట వినిపించేది ఊపిరి వదలని ప, త, కలే. ఫ, థ, ఖ అని రాసిన చోట మాత్రం ఊపిరి గట్టిగా వదలాలి (ఒక్క ‘ఫాన్’, ‘ఫాషావ్’, ‘ఫెన్‌ఝోంగ్’ల్లోని ‘ఫ’ను ‘ఆఫీసు’లో పలికినట్టు పలకండి). టోన్ (పలికేటప్పుడు స్వరం ఎత్తుపల్లం) సంగతి అవసరమైన చోటే ప్రస్తావించాం.

ప్రశ్న: ‘నేను కూడా వస్తాను’ అనడానికి ‘యే వో లాయ్’ అన్నాను. తప్పు, ‘వో యే లాయ్’ అనాలన్నారు. సరే. మరి ‘నేను సినిమా కూడా చూశాను’ అనాలంటే ‘యే’ సినిమా పక్కన పెట్టకూడదా? (విశాఖపట్నం)

జవాబు: పెట్టకూడదు. మన ‘కూడా’ ఏ మాటను చెప్పదలచుకుంటే దాని వెనకే వెళ్లి అంటుకుంటుంది: నేను కూడా, సినిమా కూడా, రేపు కూడా. చైనీస్ ‘యే’కి ఆ స్వేచ్ఛ లేదు. కర్త తర్వాత, క్రియకు ముందు, అదొక్కటే దాని చోటు. అందుకే ‘వో యే చి యూ’ అన్న వాక్యానికి ‘నేనూ చేపలు తింటాను’ అనీ అర్థమే, ‘నేను చేపలూ తింటాను’ అనీ అర్థమే. మాట్లాడేటప్పుడు ‘వో’ మీద గాని ‘యే’ మీద గాని బరువు వేస్తే మొదటిది, ‘యూ’ (చేప) మీద వేస్తే రెండోది.

రాతలో బరువు కనిపించదు కాబట్టి వాక్యాన్ని రెండు ముక్కలు చేయడం మంచిది: ‘వో ఖాన్ ల షూ, యే ఖాన్ ల ద్యెన్‌యింగ్’. పుస్తకం చదివాను, సినిమా కూడా చూశాను. రెండో ముక్కలో కర్త లేకపోవడంతో ‘నేను కూడా’ అనే అర్థానికి తావుండదు.

ఇదే నియమం దౌ, జ్యౌ, త్సాయ్, యౌ, జాయ్, హాయ్ వంటి ఏకాక్షర క్రియావిశేషణాలకు దాదాపు అన్నింటికీ వర్తిస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. ‘నేనొక్కణ్ణే వెళ్తున్నా’ అనడానికి ‘జ్యౌ వో యీ గ రెన్ ఛ్యూ’ అంటారు, ‘జ్యౌ’ కర్త ముందుకొచ్చింది. ‘దాగాయ్’ (బహుశా), ‘ఛీషి’ (నిజానికి), ‘హూరాన్’ (ఉన్నట్టుండి) లాంటి రెండక్షరాల మాటలు మాత్రం కర్తకు ముందూ రావచ్చు, వెనకా రావచ్చు.

క్రియావిశేషణాలు వరసగా రెండు మూడు వస్తే ఏది ముందు? హెచ్‌ఎస్‌కె (చైనీస్ భాషా సామర్థ్య) పరీక్షలో మాటలు కలిపి వాక్యం చేయమనే చోట తరచుగా తడబడేది ఇక్కడే. ‘వాళ్లు కూడా ఎవరూ వెళ్లరు’ అంటే ‘థామెన్ యే దౌ బు ఛ్యూ’. ఈ అర్థానికి యే (కూడా), దౌ (అందరూ), బు (నిరాకరణ), ఈ క్రమం మారదు. ‘దౌ యే’ అనకూడదు. ‘బహుశా’ చేర్చాలంటే అది వీటన్నిటికీ ముందు: ‘థామెన్ దాగాయ్ యే దౌ బు ఛ్యూ’. మాట్లాడేవారి అభిప్రాయం చెప్పే మాట ముందు, క్రియను నేరుగా తాకే నిరాకరణ చివర.

ప్రశ్న: ‘ఈ పుస్తకాలన్నీ చదివాను’ అనడానికి ‘వో దౌ ఖాన్ ల ఝెశ్యే షూ’ అని రాస్తే టీచర్ కొట్టేశారు. ‘దౌ’ అంటే ‘అన్నీ’ కాదా? (వరంగల్)

జవాబు: ‘దౌ’ తనకు ఎడమ పక్కన ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. మీ వాక్యంలో దాని ఎడమ పక్కన ఉన్నది ‘వో’, అంటే నేను. ఒక్క మనిషిని పట్టుకుని ‘అన్నీ’ అనడం కుదరదు. పుస్తకాలను ముందుకు తీసుకురండి: ‘ఝెశ్యే షూ వో దౌ ఖాన్ ల’. ఇప్పుడు ‘దౌ’కి ఎడమ పక్కన ‘ఈ పుస్తకాలు’ ఉన్నాయి, వాక్యం నిలబడింది. తెలుగులోనూ సహజంగా ‘ఈ పుస్తకాలన్నీ నేను చదివాను’ అనే అంటాం కదా. ఆ వరసనే పట్టుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

తెలుగువాళ్లకు తేలిగ్గా దొరికే ఇంకో సంగతి ఉంది. మన భాషలో ప్రశ్న పదానికి దీర్ఘం తగిలిస్తే చాలు: ఎవరు నుంచి ‘ఎవరూ’, ఏమి నుంచి ‘ఏమీ’. చైనీయులు ఆ దీర్ఘం చోట ‘దౌ’ వాడతారు. ‘షెయ్ దౌ మెయ్ లాయ్’ అంటే ఎవరూ రాలేదు. ‘షెన్మ దౌ మెయ్ చి’ అంటే ఏమీ తినలేదు. తేడా ఒక్కటే, మన దీర్ఘం వ్యతిరేక వాక్యాల్లోనే ఎక్కువ, ‘దౌ’ మామూలు వాక్యాల్లోనూ వస్తుంది: ‘షెయ్ దౌ ఝిదావ్’ అంటే అది అందరికీ తెలిసిందే అని.

నిరాకరణతో కలిసినప్పుడు వరస మారితే అర్థమే మారిపోతుంది. ‘థామెన్ దౌ బు ఛ్యూ’ అంటే వాళ్లలో ఏ ఒక్కరూ వెళ్లరు. ‘థామెన్ బు దౌ ఛ్యూ’ అంటే అందరూ వెళ్లరు, కొందరే వెళ్తారు. తెలుగులో ‘అందరూ వెళ్లరు’ అంటే సందర్భాన్ని బట్టి సరిపెట్టుకుంటాం, చైనీస్‌లో ఆ అవసరం లేదు.

‘దౌ ష్ ద్యెన్ ల’ (అప్పుడే పదైపోయింది!) లోని ‘దౌ’కి ‘అన్నీ’తో సంబంధం లేదు. అది ఆశ్చర్యమో, విసుగో చెప్పే వాడుక, వాక్యం చివర ‘ల’ ఉండి తీరాలి. రాతలో ఇదే అక్షరాన్ని ‘రాజధాని’ అనే మాటలో (షౌదూ) ‘దూ’ అని చదవాలి. పైకి చదివేటప్పుడు జాగ్రత్త.

ప్రశ్న: ‘జ్యౌ’, ‘త్సాయ్’ రెండింటికీ నిఘంటువులో పది పది అర్థాలున్నాయి. ఎలా గుర్తు పెట్టుకోవాలి? (హైదరాబాద్)

జవాబు: అర్థాలు బట్టీ పట్టొద్దు. మాట్లాడేవారు ఏమి ఆశించారు, జరిగింది దానికి ఎటుగా ఉంది అన్నది చూడండి. అనుకున్నదానికంటే తొందరగా, తేలిగ్గా జరిగితే ‘జ్యౌ’. ఆలస్యంగా, కష్టం మీద జరిగితే ‘త్సాయ్’.

‘థా బా ద్యెన్ జ్యౌ లాయ్ ల’: అతను ఎనిమిదికే వచ్చేశాడు.
‘థా బా ద్యెన్ త్సాయ్ లాయ్’: ఎనిమిదైతే గాని రాలేదు.

గడియారం రెండు వాక్యాల్లోనూ ఎనిమిదే. మన ‘-కే’, ‘-తే గాని’ చేసే పనిని ఈ రెండు మాటలు చేస్తున్నాయి. ఇంగ్లీషు మీదుగా వెళ్తే ఈ జంట అంత సులువుగా దొరకదు. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి.

అయితే ఇక్కడ రెండు గోతులున్నాయి. మొదటిది: ‘గాని రాలేదు’ అని తెలుగులో వ్యతిరేకంగా చెప్తున్నాం కదా అని ‘త్సాయ్ మెయ్ లాయ్’ అనేస్తారు. చైనీస్‌లో అక్కడ నిరాకరణ లేదు, వచ్చాడనే చెప్పాలి. రెండోది వాక్యం చివరి ‘ల’. ‘జ్యౌ’ ఉన్న వాక్యంలో జరిగిపోయిన పని చెప్తే చివర ‘ల’ మామూలుగా వస్తుంది. ‘త్సాయ్’ ఉంటే రాదు. చివరి ‘ల’ పని ‘ఇదిగో, కొత్త పరిస్థితి’ అని చాటడం. ‘త్సాయ్’ వాక్యంలో అతను వచ్చాడన్నది కొత్త కబురు కాదు, ఎప్పుడు వచ్చాడన్నదే కబురు. అందుకే ఆ రెండూ పొసగవు.

ఇక ‘త్సాయ్’ పక్కన అంకె ఉంటే అది ఏ వైపు ఉందో చూసుకోవాలి. అంకె ముందుంటే ఆలస్యం: ‘బా ద్యెన్ త్సాయ్ లాయ్’. అంకె వెనక ఉంటే అర్థం తిరగబడుతుంది: ‘శ్యెన్‌జాయ్ త్సాయ్ బా ద్యెన్’ అంటే ‘ఇప్పుడింకా ఎనిమిదే’. తొందరేం లేదని. ‘థా త్సాయ్ వూ స్వేయ్’ అంటే వాడికి ఐదేళ్లే. వినేటప్పుడు ‘త్సాయ్’ వినపడగానే ఆలస్యం అనేసుకోకుండా అంకె కోసం ఆగండి.

షరతుల్లోనూ ఇదే జంట.

‘ఝియౌ నీ ఛ్యూ, థా త్సాయ్ లాయ్’: నువ్వు వెళితేనే అతను వస్తాడు.
‘ఝియావ్ నీ ఛ్యూ, థా జ్యౌ లాయ్’: నువ్వు వెళితే చాలు, అతను వస్తాడు.

‘-తేనే’కి త్సాయ్, ‘-తే చాలు’కి జ్యౌ. ఝియౌ, ఝియావ్ వినడానికి దగ్గరగా ఉంటాయి. కానీ మొదటిదాని చివరి అక్షరం మూడో టోన్, రెండోదానిది నాలుగో టోన్. వినికిడి పరీక్షలో ఇది జారిపోయినా వెనకాల వచ్చే జ్యౌ, త్సాయ్‌లను బట్టి పట్టేయవచ్చు. జతలు మారవు.

ప్రశ్న: చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. వార్డులో రోగి ‘నొప్పి లేదు’ అన్నాడని చెప్పడానికి ‘థా మెయ్ థెంగ్’ అన్నాను. అందరూ వింతగా చూశారు. ‘లేదు’ అంటే ‘మెయ్’ కాదా?

జవాబు: క్రియలతో అయితే మీరు అనుకున్నది దాదాపు నిజం. ‘వో బు చి’ అంటే తినను, ‘వో మెయ్ చి’ అంటే తినలేదు. అలవాటు, ఇష్టం, నిర్ణయం అయితే ‘బు’. పని జరగలేదంటే ‘మెయ్’. ‘నిన్న రాలేదు’ అనడానికి ‘జ్వోథ్యెన్ మెయ్ లాయ్’. పాత కాలపు అలవాటు అయితే కాలం గడిచినా ‘బు’ పోదు: ‘యీఛ్యెన్ వో బు హ జ్యౌ’ (ఒకప్పుడు మద్యం తాగేవాణ్ణి కాదు, ఈ ‘జ్యౌ’ మద్యం, క్రియావిశేషణం కాదు, టోన్ వేరు).

చిక్కంతా స్థితులు చెప్పేటప్పుడు వస్తుంది. తెలుగులో బాగా లేదు, నొప్పి లేదు, చలిగా లేదు అని అన్నిటికీ ‘లేదు’ సరిపోతుంది. చైనీస్‌లో హావ్ (బాగుండు), థెంగ్ (నొప్పెట్టు), లెంగ్ (చల్లగా ఉండు) అన్నవి స్థితిని చెప్పేవి, వాటికి ‘బు’ కావాలి: బు హావ్, బు థెంగ్, బు లెంగ్. మీరు ‘థా బు థెంగ్’ అనాల్సింది. నొప్పి ఉందా అని అడగడమూ ‘థెంగ్ బు థెంగ్’ అనే. ‘మెయ్ హావ్’ అన్నది తప్పు మాట కాదుగాని దాని అర్థం వేరు: ‘బింగ్ హాయ్ మెయ్ హావ్’ అంటే జబ్బు ఇంకా నయం కాలేదు. అక్కడ ‘హావ్’ మార్పును చెప్తోంది, ఆ మార్పు రాలేదంటున్నాం. జ్వరం రావడం ఒక సంఘటన కాబట్టి ‘మెయ్ ఫాషావ్’ (జ్వరం రాలేదు) నిక్షేపంలా కుదురుతుంది. వార్డులో పని చేసేవారికి బు హావ్, మెయ్ హావ్‌ల తేడా వ్యాకరణం మార్కుల కోసం కాదు, కేస్ షీట్ కోసం కావాలి.

తెలియడం, అయి ఉండడం చెప్పే క్రియలతోనూ ‘బు’నే: ‘నాకు అప్పుడు తెలియలేదు’ అన్నా ‘బు ఝిదావ్’. ‘యౌ’ (ఉండు) ఒక్కదానికి మాత్రం ఎప్పుడూ ‘మెయ్’, ‘బు యౌ’ అనకండి.

‘మెయ్’ పెట్టాక క్రియ వెనక ‘ల’ ఉండదు. ‘మెయ్ చి ల’ అని రాస్తే కొట్టేస్తారు. ఎంతకాలంగా జరగలేదో చెప్పినప్పుడు మాత్రం చివర ‘ల’ వస్తుంది: ‘సాన్ థ్యెన్ మెయ్ చి ఫాన్ ల’, మూడు రోజులుగా అన్నం తినలేదు.

పలకడం సంగతి: ‘బు’ది నాలుగో టోన్. దాని వెనక మళ్లీ నాలుగో టోన్ అక్షరం వస్తే ‘బు’ రెండో టోన్‌కి మారుతుంది, అంటే పైకి లేస్తుంది. ‘బు ఛ్యూ’, ‘బు షి’లలో ‘బు’ పైకే. ‘బు హావ్’, ‘బు చి’లలో మామూలు నాలుగోదే. పిన్‌యిన్ (చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) పుస్తకాల్లో కొన్ని మారిన టోన్ వేస్తాయి, కొన్ని అసలుదే ఉంచేస్తాయి. అది చూసి కంగారుపడక్కర్లేదు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో చైనీస్ ఇంజనీరు ‘మింగ్‌థ్యెన్ జాయ్ ష్వో’ అన్నారు. రేపు మళ్లీ చెప్పమన్నారనుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లి మొత్తం తిరిగి చెప్పాను. ఆయన నవ్వారు. ‘జాయ్’ అంటే ‘మళ్లీ’యే కదా? (శ్రీసిటీ)

జవాబు: ఆయన అన్నది ‘రేపు చూద్దాంలే’ అని. ‘జాయ్’కి రెండు పనులు. ఒకటి జరగబోయే పనిని మళ్లీ చేయడం: ‘నీ జాయ్ ష్వో యీ బ్యెన్’ (ఇంకోసారి చెప్పండి). రెండోది ఇప్పుడు కాదు, ఆ తర్వాతే అని వాయిదా వేయడం. కాలాన్ని చెప్పే మాట ముందుండి, వెనకాల ‘యీ బ్యెన్’, ‘యీ త్స్’ (ఒకసారి) లాంటి లెక్క లేకపోతే చాలాసార్లు వాయిదా అర్థమే. ‘చి ల ఫాన్ జాయ్ జౌ’ అంటే ‘అన్నం తిన్నాక వెళ్దువుగాని’. మళ్లీ వెళ్లడం కాదు.

జరిగిపోయిన దాన్ని ‘మళ్లీ’ అనాలంటే ‘యౌ’ (పైన చెప్పిన ‘ఉండు’ కాదు, వేరే మాట): ‘థా జ్వోథ్యెన్ యౌ లాయ్ ల’ (నిన్న మళ్లీ వచ్చాడు). ‘జ్వోథ్యెన్ జాయ్ లాయ్ ల’ అనడం తెలుగువాళ్లు తరచూ చేసే తప్పు, మనకు రెండింటికీ ‘మళ్లీ’ ఒక్కటే కాబట్టి. అలాగని ‘యౌ’ భవిష్యత్తులో రానే రాదనుకోవద్దు. క్యాలెండర్ ప్రకారం తప్పకుండా వచ్చేదానికి వస్తుంది: ‘మింగ్‌థ్యెన్ యౌ షి శింగ్‌ఛీయీ ల’, రేపు మళ్లీ సోమవారం! ఉసూరుమనే స్వరం కూడా అందులోనే ఉంది.

‘హాయ్’ మూడోది. ఆగకుండా సాగుతోందంటే అది: ‘థా హాయ్ జాయ్ చి’, ఇంకా తింటున్నాడు. (ఇక్కడి ‘జాయ్’ వేరే అక్షరం, పని నడుస్తోందని చెప్పేది.) ‘శ్యాంగ్’ (అనుకొను, కోరుకొను) లాంటి సహాయక క్రియ ఉన్నప్పుడు ‘హాయ్’ దానికి ముందు, ‘జాయ్’ దానికి వెనక: ‘వో హాయ్ శ్యాంగ్ ఖాన్ యీ బ్యెన్’, ‘వో శ్యాంగ్ జాయ్ ఖాన్ యీ బ్యెన్’. రెండింటికీ ‘ఇంకోసారి చూడాలనుంది’ అనే. రెండూ కలిపి ‘హాయ్ శ్యాంగ్ జాయ్ ఖాన్’ అన్నా తప్పులేదు. తారుమారు చేస్తే మాత్రం వాక్యం కూలుతుంది.

ప్రశ్న: ‘ఆమె పొడుగు’ అనడానికి ‘థా హెన్ గావ్’ అంటున్నారు. ‘హెన్’ అంటే ‘చాలా’ కదా, ఆమె అంత పొడుగేం కాదు! (గుంటూరు)

జవాబు: ఆ ‘హెన్’ బరువు పెట్టి పలికితేనే ‘చాలా’. మామూలుగా పలికితే వాక్యాన్ని పూర్తి చేసే పనే దానిది. ‘థా గావ్’ అని ఊరుకుంటే వినేవారికి ‘ఎవరికంటే?’ అనిపిస్తుంది, పోలిక మధ్యలో ఆగిపోయినట్టు. వ్యతిరేకంలో, ప్రశ్నలో దాని అవసరం లేదు: ‘థా బు గావ్’. అలాగని ‘హెన్’ మానేసి ‘థా షి గావ్’ అనడం ఇంకా పెద్ద పొరపాటు, అది ‘అవును, పొడుగే’ అని ఒప్పుకోవడం.

‘బీ’ పెట్టి పోల్చేటప్పుడు ‘హెన్’ నిషిద్ధం. ‘థా బీ వో హెన్ గావ్’ తప్పు. ‘థా బీ వో గావ్ యీద్యెర్’ (కొంచెం పొడుగు), ‘థా బీ వో గావ్ ద దువో’ (బాగా పొడుగు), ‘థా బీ వో గెంగ్ గావ్’ (ఇంకా పొడుగు) ఒప్పు.

‘కొంచెం’ ప్రస్తావన వచ్చింది కాబట్టి: ‘యౌద్యెర్’ గుణానికి ముందు, ‘యీద్యెర్’ వెనక. ‘యౌద్యెర్ గ్వెయ్’ అంటే ‘కాస్త ఖరీదెక్కువే’ అని ముఖం చిట్లించడం. నచ్చని వాటికే అది వాడతారు. ‘యౌద్యెర్ హావ్’ (కాస్త బాగుంది) అంటే చెవికి ఇంపుగా ఉండదు. ‘గ్వెయ్ యీద్యెర్’ అంటే దేనికంటేనో కొంచెం ఖరీదు, అంతే.

ప్రశ్న: ‘బాగా పాడతాడు’ అనడానికి ‘హెన్ హావ్ చాంగ్ గ’ ఎందుకు కుదరదు? క్రియావిశేషణం క్రియకు ముందే రావాలన్నారుగా. (తెనాలి)

జవాబు: ‘హావ్’ క్రియావిశేషణం కాదు, గుణవాచకం. పెకింగ్ యూనివర్సిటీకి చెందిన వ్యాకరణవేత్త ఝు దెశీ 1982లో గీసిన గీత ఇప్పటికీ పనికొస్తుంది: క్రియకో గుణానికో ముందు నిలబడడం తప్ప వాక్యంలో ఇంకే పనీ చేయలేనిదే క్రియావిశేషణం. యే, దౌ, జ్యౌ అలాంటివి. ‘హావ్’ అన్ని పనులూ చేస్తుంది. (ఆ గీతను ‘హెన్’ స్వయంగా దాటుతుంది: ‘హావ్ ద హెన్’ అంటే బ్రహ్మాండం. వ్యాకరణవేత్తలకూ తలనొప్పులు తప్పవు.)

పని ఎలా ఉందో తీర్పు చెప్పాలంటే ఆ మాట క్రియ వెనక్కి, మధ్యలో ‘ద’: ‘థా చాంగ్ ద హెన్ హావ్’. కర్మ కూడా చెప్పాలంటే క్రియను రెండుసార్లు వాడాలి: ‘థా చాంగ్ గ చాంగ్ ద హెన్ హావ్’. ‘చాంగ్ గ ద హెన్ హావ్’ అన్నది చాలా తరచుగా కనిపించే తప్పు.

పని చేసే తీరు చెప్పేటప్పుడు మాత్రం ముందు పెట్టవచ్చు: ‘మాన్‌మాన్ ద జౌ’, మెల్లమెల్లగా నడువు. ఈ ‘ద’ వేరు, పై ‘ద’ వేరు, ‘నాది’ అనే అర్థంలో వచ్చే ‘వో ద’లోని ‘ద’ ఇంకోటి. పలకడంలో మూడూ ఒక్కటే, రాతలో మూడు అక్షరాలు. చైనీయులే ఫోన్లలో టైపు చేసేటప్పుడు వీటిని కలిపేస్తుంటారు, మీరు మాత్రం పరీక్షలో కలపకండి.

ప్రశ్న: ‘గాంగ్’, ‘గాంగ్‌త్సాయ్’ రెండూ ‘ఇప్పుడే’ కదా, తేడా ఏమిటి? (కరీంనగర్)

జవాబు: ‘గాంగ్‌త్సాయ్’ కాలాన్ని చెప్పే నామవాచకం, ‘ఇందాక’ అని. వాక్యం మొదట్లో రావచ్చు: ‘గాంగ్‌త్సాయ్ థా లాయ్ ల’. దాని వెనక ‘మెయ్’ కూడా రావచ్చు. ‘గాంగ్’ క్రియావిశేషణం, ‘అప్పుడే, ఇప్పుడే’ అని. కర్త తర్వాతే రావాలి, దాని వెనక నిరాకరణ రాదు: ‘వో గాంగ్ దావ్’, ఇప్పుడే వచ్చాను. ఎంతసేపైందో చెప్పాలంటే ‘గాంగ్’ ఒక్కటే పనికొస్తుంది: ‘థా గాంగ్ జౌ ష్ ఫెన్‌ఝోంగ్’, అతను వెళ్లి పది నిమిషాలే అయింది.